ఫేబీ చేతులు వెనక్కి పెట్టుకున్న రోజు

ఫేబీ చేతులు ఊరికే ఉండవని కోట ఊళ్లో అందరికీ తెలుసు. పక్కింటావిడ అరుగు మీద కూర్చుని పూలు కడుతుంటే దారం లాక్కుని తనే కట్టేస్తుంది. దారిలో ఎవరైనా సైకిలు చైను వేసుకోలేక అవస్థ పడుతుంటే "జరుగబ్బా" అని పక్కకు నెట్టి, చైను వేసి, నల్లబడిన వేళ్లు ఆ మనిషి చొక్కాకే తుడిచేసి వెళ్లిపోతుంది. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్ల చేతుల్లో గరిటెలు మిగలనివ్వదు. "మా ఆవిడ ముందు చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా భయంగా ఉంటాది. నాకు రాదనుకుంటాది" అని ఆమె మొగుడు సుశీల్ కుమార్, తాను పనిచేసే రొయ్యల మేత దుకాణంలో వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు.

అయితే ఆ చేతులే ఆమెకు అన్నం పెట్టాయి. నర్సింగు చదివి, ఆపైన అత్యవసర వైద్యంలో టెక్నీషియన్ శిక్షణ తీసుకుని ఫేబీ అంబులెన్సు ఎక్కే నాటికి ఆమెకింకా పెళ్లి కూడా కాలేదు. కోట నుంచి సముద్రం ఒడ్డు దాకా ఉన్న ఊళ్లలో ఆమె నాడి పట్టని ఇల్లు లేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే గానీ, మరీ అబద్ధం కాదు. బైకుల మీంచి పడ్డవాళ్లు, పురుగుమందు తాగినవాళ్లు, దారిలోనే కాన్పు నొప్పులు వచ్చినవాళ్లు, రొయ్యల గుంటల దగ్గర కరెంటు కొట్టినవాళ్లు, అందరూ ఆ చేతుల మీదుగా ఆసుపత్రికి చేరినవాళ్లే. బండిలో పుట్టిన ఆడపిల్లకు ఫేబీ అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి. వాటిలో చర్చి ముఖం చూడని ఇళ్లూ ఉన్నాయి.

చేతులకేమీ కాలేదు. నడుము పోయింది. వానలో, బురద కట్ట మీద, బాగా బరువున్న మనిషిని స్ట్రెచర్ మీద మోసుకొస్తుంటే కాలు జారింది. పేషెంటును మాత్రం కింద పడనివ్వలేదు. ఆ బరువంతా ఆమె వెన్నెముక మీదకు వచ్చింది. నెల్లూరులో డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, ఇక జన్మలో స్ట్రెచర్ పట్టుకోవద్దని చెప్పేశాడు. ఆ మాట విని ఫేబీ ఏడవలేదు గానీ, ఇంటికి వచ్చి అంబులెన్సు యూనిఫారం ఇస్త్రీ చేసి, మడతపెట్టి, బీరువాలో పెట్టేటప్పుడు ఏడ్చింది.

ఇక ఆమెకు మిగిలినవి రెండే దారులు. ఒకటి, ఎక్కడో దూరాన ఉన్న పట్నంలో, ఫోన్లు ఎత్తే గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చోవడం. "ఫోనులోంచి చేతులు దూర్చలేం గదా, నేను పిచ్చిదాన్నయిపోతా" అంది ఫేబీ. రెండోది, శిక్షకురాలు కావడం. కొత్తగా బండి ఎక్కబోయేవాళ్లకూ, ఊళ్లలో జనానికీ ప్రాణం నిలబెట్టే పని నేర్పడం. ఇల్లూ ఊరూ విడిచి పోనక్కర్లేదు. బండి ఎక్కకపోయినా ఆ పనిలోనే ఉండొచ్చు.

శిక్షకురాలికి ఏమేం కావాలో విని ఆమె నవ్వుకుంది. టెక్నీషియన్ చదువు ఉండాలన్నారు, ఉంది. బండి మీద కొన్నేళ్లు పనిచేసి ఉండాలన్నారు, కావలసినదానికంటే ఎక్కువే ఉంది. గుండె నొక్కే పనిలో, అదే సీపీఆర్‌లో, పరీక్ష రాయాలన్నారు, రాసింది, మంచి మార్కులతో గట్టెక్కింది. ఇక మిగిలింది నెల్లూరులో ఒక కోర్సు, ఎలా నేర్పాలో నేర్పే కోర్సు. చివర్లో పెద్దవాళ్ల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. పని వచ్చినదానికి పాఠం చెప్పడం ఎంతసేపులే అనుకుంది. అనుకుని ఆ కోర్సులో చేరింది.

కోర్సు చెప్పే వాణి గారు ఒకప్పుడు పెద్ద ఆసుపత్రిలో నర్సు. ఆవిడ అరవగా చూసినవాళ్లు లేరు. ఒకసారి అరిచినా బాగుండు అనుకునేవాళ్లే ఎక్కువ. ముందు నోరు విప్పకుండా పని మొత్తం చేసి చూపించాలి. తర్వాత వివరిస్తూ చేయాలి. ఆ తర్వాత నేర్చుకునేవాళ్లు చెబుతుంటే మనం చేయాలి. ఆఖరున వాళ్లే చేయాలి, మనం చూడాలి. ఇదీ ఆవిడ పద్ధతి. మొదటి మూడూ ఫేబీకి మంచినీళ్లు తాగినంత తేలిక. ఆఖరుదే ఆమె పాలిట యముడైంది.

పాఠం చెప్పే రోజున ఆమెకు భానుప్రియ అని ఒక కొత్త పిల్లను అప్పజెప్పారు. నేల మీద రబ్బరు బొమ్మ ఉంది. భానుప్రియ మోకాళ్ల మీద కూర్చుని రొమ్ము మీద చేయి పెట్టింది. పెట్టాల్సిన చోటికి కొంచెం కిందగా పెట్టింది. అంతే. ఫేబీ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని పైకి జరిపింది. పిల్ల నొక్కింది, మోచేతులు వంగాయి. ఫేబీ వాటిని సరిచేసింది. పిల్ల ఇంకోసారి నొక్కేలోపు "జరుగమ్మా" అని, తనే బొమ్మ పక్కన కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. చూడముచ్చటగా నొక్కింది. సరిగ్గా నొక్కితేనే మోగే ఆ బొమ్మ టిక్కు టిక్కుమని ఒక్క దెబ్బ తప్పకుండా మోగింది.

వాణి గారు ఫేబీని పక్కకు పిలిచి, భానుప్రియను ఒంటరిగా చేయమన్నారు. ఆ పిల్ల మళ్లీ చేయి కిందే పెట్టింది.

"నీకు పని వచ్చా రాదా అని చూడ్డానికి నేను కూర్చోలేదు ఫేబీ. అది ఈ జిల్లా అంతటికీ తెలుసు. ఆ పిల్లకు వచ్చిందా లేదా అని చూస్తా ఉండా" అన్నారు వాణి గారు మెల్లగా. "ఇంకొక్క అవకాశం ఇస్తా. మీ ఊళ్లోనే, మీ మనుషులకే క్లాసు చెప్పు. నేనొచ్చి కూర్చుంటా. అప్పుడు కూడా చేతులు చాచినావంటే మళ్లీ వచ్చే ఏడాదే."

వచ్చే ఏడాది దాకా అంబులెన్సు ఆఫీసు ఆగదు. ఆలోపు ఆమెను ఫోన్ల గదికి పంపేస్తారు. కోటకు వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫేబీ దారి పొడుగునా కళ్లు తుడుచుకుంది. బాధకంటే ఉక్రోషమే ఎక్కువ. ఆ పిల్ల తప్పు చేస్తుంటే చూస్తూ కూర్చోవాలా? బండిలో అలా చూస్తూ కూర్చుంటే మనిషి పోడూ?

వాణి గారు వచ్చేలోపు కొంత అలవాటు చేసుకుందామని, సుశీల్ కుమార్‌కు తెలిసిన రొయ్యల గుంటల దగ్గర ఒక క్లాసు పెట్టుకుంది. మేత బస్తాలు పెట్టే షెడ్డులో మనుషులు గుమిగూడారు. గుంటల్లో నీటిని చిలికే ఏరేటర్ల తీగలు ఏదో ఒకరోజు ఎవరినో ఒకరిని పట్టుకుంటూనే ఉంటాయి కాబట్టి, అందరికీ కావలసిన పాఠమే. ముందు వరసలో గంగులయ్య కూర్చున్నాడు. ఆ గుంటలకు కాపలా ఆయనే, పెద్దరికమూ ఆయనదే. అతని పక్కన దావీదు, గుంటలకు మేత చల్లే మనిషి. నోట్లో నాలుక లేనివాడు.

ఫేబీ పాఠం ఇంకా మొదలుపెట్టకముందే గంగులయ్య అందుకున్నాడు. "మాకెందుకమ్మా ఇయ్యన్నీ. కరెంటు కొట్టినోడిని ఇసకలో గొంతు దాకా పూడిస్తే, ఒంట్లో ఉండే కరెంటంతా ఇసక లాగేస్తాది. ఈ దావీదుగాడిని అట్టనే బతికించినా."

ఆ కథ ఆ గుంటల మీద తెలియనివాళ్లు లేరు. చాలాకాలం కిందట ఏరేటరు తీగ తగిలి దావీదు కట్ట మీద పడిపోతే, గంగులయ్య అతన్ని ఇసుకలో పూడ్చాడు. కాసేపటికి దావీదు కళ్లు తెరిచాడు. అప్పటి నుంచి, రొయ్యలు పట్టిన ప్రతిసారీ దావీదు గంగులయ్యకు ఒక కొత్త తువ్వాలు పెడతాడు. గంగులయ్య భుజం మీద తువ్వాలు ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది, దాన్ని చూసి జనానికి ఇసుక మీద నమ్మకం కూడా ఎప్పటికప్పుడు కొత్తగానే ఉంటుంది.

"ఇసకలో పూడ్చేదేంది పెద్దాయనా, మతిగానీ పోయిందా?" అనేసింది ఫేబీ. "బతికుండే మనిషిని మీరే చంపేస్తారు!"

గంగులయ్య లేచి నిలబడ్డాడు. "అయితే నా పక్కన ఉండే ఈ దావీదు ఎవుడమ్మా? దయ్యమా?" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అతని వెనకే మిగతావాళ్లు టీ తాగొస్తామని వెళ్లి మళ్లీ రాలేదు. షెడ్డులో ఫేబీ, రబ్బరు బొమ్మ, మేత వాసన మిగిలాయి. చేతుల్తో లాక్కోవడం చాలదన్నట్టు ఆ రోజు అవతలివాళ్ల మాటను నోటితో కూడా లాక్కుంది మరి.

ఆ ఆదివారం ఫేబీ తన అత్తగారు ఎలిశబెతమ్మను తీసుకురావడానికి చర్చికి వెళ్లింది. ఎలిశబెతమ్మ సండే స్కూలు టీచరు. కోటలో మీసాలొచ్చిన మగవాళ్లలో చాలామంది ఆవిడ దగ్గర బైబిలు వాక్యాలు కంఠస్థం చేసినవాళ్లే. ఫేబీ వెళ్లేసరికి ఒక చిన్నపాప నిలబడి వాక్యం అప్పజెబుతోంది. సగంలో ఆగిపోయింది. పాప పెదవులు ఆడుతున్నాయి, మాట రావడం లేదు. గుమ్మంలో నిలబడిన ఫేబీ నాలుక చివర ఆ మాట సిద్ధంగా ఉంది. నోరు తెరవబోయింది. ఎలిశబెతమ్మ తల తిప్పి ఒక్క చూపు చూసింది. కాలే పెనం మీద నీళ్లు చిలకరించినట్టున్న ఆ చూపుకు ఫేబీ నోరు దానంతటదే మూసుకుంది. తర్వాత ఎలిశబెతమ్మ, తనకేమీ పట్టనట్టు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పాప గౌను అంచు నలిపింది, పైకి చూసింది, కిందికి చూసింది, ఉన్నట్టుండి మాట దొరికి గడగడా అప్పజెప్పేసింది. ఆ మొహంలో వెలుగును ఫేబీ చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి నడుస్తూ అడిగింది. "అత్తా, మాట నీ నోటి దాకా వచ్చుంటాది గదా. చెప్పబుద్ధి కాలేదా?"

"ఎందుక్కాదు? నాలిక కొరుక్కుంటా. కిటికీలోంచి ఏం చూస్తాననుకున్నావు? గోడ మీద కాకిని చూస్తా. కాకి లేకపోతే గోడనే చూస్తా. నేను చెప్పేస్తే ఆ పాప రేపు కూడా నా మొహమే చూస్తాది."

"మరి వంటింట్లో నా చేతిలో గరిటె లాక్కుంటావే?"

"వంటింటి సంగతి వేరు" అంది ఎలిశబెతమ్మ తడుముకోకుండా. "పులుసు చెడితే నలుగురూ పస్తుండాల."

అనుకున్న రోజు వాణి గారు నెల్లూరు నుంచి వచ్చారు. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ఒక మూలకు కూర్చున్నారు. ఫేబీ ముందురోజే గంగులయ్య ఇంటికి వెళ్లి, ఆ రోజు అన్న మాటకు తప్పయిందని చెప్పి, రమ్మని బతిమాలుకుంది. గంగులయ్య వచ్చాడు గానీ, మొహం ముడుచుకునే కూర్చున్నాడు. ఫేబీ చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఈ చేతులు ముందుకొస్తే ఇల్లు విడిచి పోవాల్సిందే.

"ఇదిగో ఈ మనిషికి కరెంటు కొట్టింది" అని బొమ్మను చూపించింది. "నేను ఊళ్లో లేను. మీరెట్టా చేస్తారో అట్టా చేయండి."

గంగులయ్యకు పౌరుషం వచ్చింది. "పట్టండిరా" అన్నాడు. మనుషులు బొమ్మను ఎత్తుకుని బయట ఇసుక కుప్ప దగ్గరకు మోసుకుపోయారు. గుంత తవ్వడం మొదలుపెట్టారు. అది వాణి గారు ప్రాణంలా చూసుకునే బొమ్మ. ఆవిడ కుర్చీలోంచి సగం లేచి, ఏమనుకున్నారో మళ్లీ కూర్చున్నారు. ఫేబీ గోళ్లు మణికట్టులో దిగుతున్నాయి. గుంతలో బొమ్మను నిలబెట్టారు. ఇసుక నడుం దాకా వచ్చింది, రొమ్ము దాకా వచ్చింది, గొంతు దాకా వచ్చింది. గంగులయ్య పైనుంచి అరచేతుల్తో తట్టి గట్టిపరిచాడు.

"అంతే. ఇంక లేస్తాడు."

అందరూ బొమ్మ తలను చూస్తున్నారు. ఫేబీ నోటి నిండా మాటలున్నాయి. వాటన్నిటినీ మింగి ఒక్కటే అడిగింది. "ఆ పొద్దు దావీదన్నకు కూడా అచ్చం ఇట్టనే చేసినావా పెద్దాయనా?"

"అచ్చం ఇట్టనే."

"దావీదన్నా, ఇసకలో ఉండంగా నీకు ఎట్టా ఉండె?"

దావీదు గంగులయ్యను చూశాడు. నేలను చూశాడు. గుంటలో ఏరేటరు రెక్కలు నీళ్లు చిమ్ముతున్నాయి. మాట అందించాలని ఫేబీకి ప్రాణం కొట్టుకుంటోంది. కాకి కోసం చూసింది. కాకి లేదు. ఏరేటరు రెక్కలనే చూస్తూ నిలబడింది. ఎవరో దగ్గారు. ఎవరో కాలు మార్చి నిలబడ్డారు.

"ఊపిరాడలే" అన్నాడు దావీదు.

గంగులయ్య తల తిప్పాడు. "ఏందిరా?"

"నన్ను ఇసకలో పెట్టకముందే ఊపిరి తీస్తానే ఉండా మామా. కళ్లు తెరవలేకపోతి గానీ, మీ మాటలు ఇనపడతానే ఉండె. ఇసక రొమ్ము మీద పడ్డాక ఊపిరి లోపలికి పోలే. చచ్చిపోతా ఉండాననుకున్నా. ఆ భయానికే కళ్లు తెరిచినా." దావీదు చేతులు జోడించాడు. "నిన్ను బాధపెట్టలేక ఇన్నాళ్లూ చెప్పలేదు మామా. ఇప్పుడు ఆ బొమ్మ మీద ఇసక పోస్తా ఉంటే చూడలేకపోతి."

గంగులయ్య మొహం వాడిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఫేబీ అతన్ని ఏదో ఒక మాట అని ఊరడించాలనుకుంది. అయినా పెదవులు బిగించుకుంది.

"అయితే ఈ తువ్వాళ్లన్నీ ఎందుకు పెట్టినావురా నాకు?" అన్నాడు గంగులయ్య చివరికి.

దావీదు ఆశ్చర్యంగా చూశాడు. "అదేంది మామా? అందరూ నన్ను పట్టుకుని లాగబోతా ఉంటే, ముట్టుకోబాకండిరా అని అరిచి, పరిగెత్తి పొయ్యి మెయిన్ దించింది నువ్వే గదా. నువ్వు కరెంటు ఆపకపోతే నేనెక్కడుండా? తువ్వాళ్లు దానికి. ఇసకకు కాదు."

షెడ్డు దగ్గర ఒక్కసారిగా గాలి ఆడినట్టయింది. ఎవరో నవ్వారు, ఆ వెనకే అందరూ నవ్వారు. గంగులయ్య కళ్లు తుడుచుకుని, తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు, ఈసారి ఇంకొంచెం దర్జాగా. "ఇన్నారా? ముందు మెయిన్ దించాల. ఎవుడూ మనిషిని ముట్టుకోకూడదు. అది నేను అప్పుడే చేసినా" అని, ఆ సంగతి లోకానికి తానే కనిపెట్టి ఇచ్చినట్టు అందరికీ చెప్పాడు. ఆ తర్వాత ఫేబీ వైపు తిరిగి, ఇంతకాలం ఎవరినీ అడగని మాట అడిగాడు. "మరి దావీదుగాడు ఊపిరి తీస్తా ఉండాడు కాబట్టి సరిపోయింది. తీయకపోయుంటే ఏం చేయాలమ్మా?"

పాఠం అక్కడ మొదలైంది. బొమ్మను బయటికి తీసి ఇసుక దులిపారు. కరెంటు ఆపాక మనిషిని పిలిచి చూడటం, ఊపిరి ఉందో లేదో చూడటం, లేకపోతే అంబులెన్సుకు ఫోను చేయించి రొమ్ము మధ్యలో గట్టిగా, ఆపకుండా నొక్కడం, అన్నీ ఫేబీ ముందు మాట్లాడకుండా చేసి, తర్వాత చెబుతూ చేసింది. వాళ్లు చెబుతుంటే చేసింది. లేచి, మళ్లీ చేతులు వెనక్కి పెట్టుకుంది.

గంగులయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేయి కిందగా పెట్టాడు. అచ్చం భానుప్రియ పెట్టినట్టే. ఫేబీ చేతులు వెనక కొట్టుకుంటున్నాయి. "రొమ్ము మధ్య యాడుందో చూసుకో పెద్దాయనా" అని మాత్రం అంది. ఆయన వేళ్లతో తడిమి పైకి జరిపాడు. నొక్కాడు. చప్పుడు రాలేదు. మోచేతులు వంగుతున్నాయి. ఫేబీ ఏరేటరును చూసింది. "మామా, చేతులు వంచబాక, బిగించి పట్టు" అన్నాడు దావీదు వెనక నుంచి. గంగులయ్య చేతులు బిగించి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. బొమ్మ లోపల టిక్కుమంది. గంగులయ్య ఆగి, అందరినీ ఒకసారి చూసి, మళ్లీ నొక్కాడు. టిక్కు, టిక్కు, టిక్కు. అలసిపోతే దావీదు అందుకున్నాడు. ఎవరి చేతిలోంచీ ఎవరూ పని లాక్కోలేదు.

అందరూ అయ్యాక వాణి గారు లేచి వచ్చారు. బొమ్మ చెవిలోంచి ఇసుక తీశారు.

"ఈ ఇసక కడగడానికి నాకు వారం పట్టేటట్టుంది" అన్నారు వాణి గారు. అని, మొట్టమొదటిసారి నవ్వారు. "చేతులు ఇంక ముందుకు తెచ్చుకో ఫేబీ. వచ్చే బ్యాచ్ నీదే."

ఫేబీ చేతులు ముందుకు తెచ్చుకుంది. మణికట్టు మీద గోళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. వాటిని చూసుకుని, ఆ చేతుల్లోనే మొహం దాచుకుని, అందరి ముందూ భోరున ఏడ్చేసింది. ఇక ఫోన్ల గది లేదు. ఊరు విడిచి పోవడం లేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతోనే పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది. సుశీల్ కుమార్ గుమ్మంలో నిలబడి హడలిపోయాడు. "ఏమైంది? పోయిందా? పోతే పోయిందిలే, నేను..."

"నువ్వు నోరు ముయ్యి" అంది ఎలిశబెతమ్మ.

ఆవిడ వంటింట్లోకి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. పులుసు ఉడుకుతోంది. ఫేబీకి మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోతోంది. ఎలిశబెతమ్మ గోడనే చూస్తోంది.

"అత్తా" అంది ఫేబీ. "గెలిచినా అత్తా."

ఎలిశబెతమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, పెదవుల్లోనే దేవుడికి ఏదో చెప్పుకుంది. తర్వాత కోడలి తల మీద చేయి వేసి ఒకసారి నిమిరింది.

"ఇంక ఆ గరిటె ఇట్టా తే" అంది. "పులుసు అడుగంటతా ఉండాది."

ఫేబీ నవ్వుతూ గరిటె ఇచ్చేసింది.